కారు అద్దం పగిలితే అనుమానం మన వాడల వైపే ఎందుకు నడుస్తుంది?

తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో ఒక రకం వార్త తరచూ కనిపిస్తుంది. బ్యాంకులో డబ్బు డ్రా చేసిన మనిషి దారిలో కారు ఆపి టీ తాగడానికో, ఫంక్షన్ హాల్లోకో వెళ్తాడు. తిరిగొచ్చేసరికి పక్క అద్దం పగిలి ఉంటుంది, సీటు మీది బ్యాగు ఉండదు. ఊరు మారుతుంది, పోయిన సొత్తు మారుతుంది. మూడు వాక్యాలు మాత్రం దాదాపు మారవు. ‘క్లూస్ టీమ్ ఆధారాలు సేకరించింది.’ ‘పోలీసులు పాత నేరస్తులపై దృష్టి పెట్టారు.’ కొన్నాళ్లకు మూడోది వస్తుంది: ‘అదుపులోకి తీసుకుని తమదైన శైలిలో విచారించగా నేరం ఒప్పుకున్నారు.’

మొదటి వాక్యం సైన్సు గురించి. మూడోది దెబ్బల గురించి. ఈ సంగతి రాసే విలేకరికీ తెలుసు, చదివే పాఠకుడికీ తెలుసు. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతోంది? కారులో దొరికిన ఆనవాళ్లు నిజంగా ఎంతవరకు చెబుతాయి, అవి చెప్పలేని చోట ఖాళీని ఎవరి పేరుతో పూరిస్తున్నారు అన్నదే మేము ఇక్కడ పరిశీలిస్తున్న ప్రశ్న. దొంగతనం చిన్న కేసే కావచ్చు. ఆ చిన్న కేసులోనే మన వాళ్లు స్టేషన్‌కు వెళ్లి శవాలై తిరిగొచ్చిన సందర్భాలున్నాయి.

ఆనవాలు ఏం చెబుతుంది?

ముందుగా అద్దం సంగతి. చాలా కార్లలో పక్క అద్దాలు, ముందు అద్దం ఒకే రకం కావు. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసినది. పగిలినా ముక్కలు అతుక్కునే ఉంటాయి. పక్క అద్దాన్ని సాధారణంగా వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరుస్తారు. మొద్దు దెబ్బకు తట్టుకుంటుంది గానీ గట్టి వస్తువు ఒకే బిందువు దగ్గర తగిలితే మొత్తం పలుకులు పలుకులుగా రాలిపోతుంది. అందుకే కొన్ని కేసుల్లో చుట్టుపక్కల వాళ్లకు పెద్దగా చప్పుడు వినపడదు. సీటు కింద ఒక చిన్న ఉక్కు గుండు దొరుకుతుంది. అది ఎక్కడిదో కారు యజమానికి అర్థం కాదు. ఉండేలు లాంటి దానితో కొట్టి ఉండొచ్చని పోలీసులు అంచనా వేస్తారు.

ఆ అంచనా సరైనదే కావచ్చు. కానీ ఆ గుండు చెప్పింది ఏమిటి? అద్దం ఎలా పగిలిందో చెప్పింది. ఎవరు పగలగొట్టారో చెప్పలేదు. సైకిల్ షాపులో, మెకానిక్ షెడ్డులో, పాత ఇనుము కొట్టులో ఎవరికైనా దొరికే వస్తువది. అయినా మర్నాటి వార్తలో ఆ గుండు నుంచి నేరుగా ఒక ఊరి పేరుకో, ఒక సమూహం పేరుకో దూకేస్తారు. ‘ఇది ఫలానా ముఠా పనే’ అంటారు. స్టువర్టుపురం, ఓజీకుప్పం, తమిళనాడులోని రాంజీనగర్ ఇలా ఊరి పేర్లే ముఠా పేర్లయ్యాయి. పార్థీలు ఒక సంచార జాతి. ‘పార్థీ గ్యాంగ్’ అన్న మాట మన పత్రికల్లో ఎలాంటి సంకోచమూ లేకుండా అచ్చవుతోంది. ఏ బ్యాంకు కుంభకోణానికైనా నిందితుడి కులం పేరుతో ‘గ్యాంగ్’ అని శీర్షిక పెట్టడం మనం చూశామా?

రెండో ఆనవాలు అద్దం పలుకులు. అద్దం పగిలినప్పుడు కొన్ని సన్నని పలుకులు కొట్టిన మనిషి వైపు కూడా ఎగిరి బట్టల్లో, జుట్టులో చిక్కుకుంటాయి. ఇది ఫోరెన్సిక్ శాస్త్రం ఒప్పుకున్న విషయమే. అయితే ఒకే కంపెనీ ఒకే రకంగా తయారుచేసిన అద్దాలు లక్షల కార్లలో ఉంటాయి. పలుకు ‘సరిపోలింది’ అంటే ఆ రకం అద్దమే అని అర్థం, ఆ కారు అద్దమే అని కాదు. పాత సామాన్ల కొట్టులో, కార్ల షెడ్డులో, మున్సిపాలిటీ చెత్త బండి మీద పనిచేసే మనిషి చొక్కా దులిపితే అద్దం పలుకులు రాలవా? ఆ పనుల్లో ఉన్నది ఎక్కువగా ఏ కులాల వాళ్లో, ఏ బస్తీల వాళ్లో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

మూడోది వేలిముద్ర. ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండే కారును రోజూ ఎవరు ముట్టుకుంటారు? యజమాని తాకేది డోరు పిడి, స్టీరింగు. తెల్లారుజామున బకెట్టు, గుడ్డ పట్టుకుని నాలుగు వైపులా తుడిచేది కారు కడిగే కుర్రాడు. వెనక్కి తీయించేది వాచ్‌మన్. బాగుచేసేది మెకానిక్, నడిపేది డ్రైవరు. కారు మీద ఎవరి చేతుల గుర్తులు ఎక్కువ ఉంటాయంటే, ఆ కారు కొనే స్తోమత లేనివాళ్లవే. వాళ్ల ముద్ర అక్కడ ఉండటం వాళ్ల ఉద్యోగానికి రుజువు. దాన్ని నేరానికి రుజువుగా మార్చాలంటే అది ఎప్పుడు పడింది, కారు లోపలి ఏ భాగం మీద పడింది, అక్కడ పడటానికి వేరే కారణం ఉందా అని అడగాలి. అడిగే ఓపిక లేనప్పుడు చాకిరీయే సాక్ష్యం అవుతుంది.

నాలుగోది ఇంకా విచిత్రం. కొన్నిసార్లు ఏ ఆనవాలూ ఉండదు. అద్దం పగలలేదు, తాళం చెడలేదు, అయినా వస్తువులు పోయాయి. తాళం చెవి జేబులో ఉంటేనే తెరుచుకునే కార్లకు ఒక బలహీనత ఉంది. ఇంట్లో ఉన్న తాళం చెవి సిగ్నల్‌ను పరికరాలతో అందుకుని కారు దాకా చేరవేస్తే, తాళం దగ్గరే ఉందనుకుని కారు తెరుచుకుంటుంది. ‘రిలే’ పద్ధతి అంటారు. ఇంగ్లండ్ లాంటి దేశాల్లో ఇది కొన్నేళ్లుగా పోలీసులకు తలనొప్పిగా ఉంది. ఈ పద్ధతిలో గీత కూడా పడదు. కానీ మన దగ్గర గీత పడకపోవడాన్ని ఎలా చదువుతారు? ‘తెలిసినవాళ్ల పనే.’ తెలిసినవాళ్లంటే యజమాని బావమరిది కాదు. డ్రైవరు, వాచ్‌మన్, పనిమనిషి. అంటే ఆనవాలు ఉన్నా అనుమానం కింది వైపే, లేకపోయినా కింది వైపే.

ఖాళీని పూరించే పాత పుస్తకం

ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. కొన్ని సమూహాలు పుట్టుకతోనే నేరస్తులని ఆ చట్టం ఊహ. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. నమోదైన సమూహాల మనుషుల వేలిముద్రలు తీసుకునే అధికారం అందులోనే ఉంది. నేరం జరిగాక అనుమానితుడి ముద్ర తీసుకోవడం వేరు. నేరం జరగకముందే ఒక జాతి మొత్తం ముద్రలు తీసి పెట్టుకోవడం వేరు. వేలిముద్రల వర్గీకరణ పద్ధతి రూపుదిద్దుకున్నది కూడా మన దేశంలోనే. 1897లో కలకత్తాలో బ్యూరో ఏర్పడింది. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు ఆ పద్ధతికి లెక్కలు సమకూర్చగా, చాలాకాలం పేరు మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకే దక్కింది.

‘నేరం చేసిన తీరును బట్టి జాతిని గుర్తుపట్టడం’ కూడా అప్పటి విద్యే. మద్రాసు పోలీసు అధికారి ముల్లలీ 1892లో ప్రెసిడెన్సీలోని ‘నేర వర్గాల’ గురించి పుస్తకం వేశాడు. ఏ జాతి ఎలా కన్నం వేస్తుంది, ఏ పనిముట్టు వాడుతుంది, ఏ వేషం వేస్తుంది అని జాబితా రాశాడు. ఆ తర్వాత రైల్వే పోలీసు అధికారి పాపారావు నాయుడు రైలు దొంగల గురించి అలాంటి పుస్తకాలే రాశాడు. ఇవాళ ఉక్కు గుండు చూసి ఊరి పేరు చెప్పే పోలీసు అధికారి ఆ పుస్తకాల పేర్లు విని ఉండకపోవచ్చు. చదువుతున్నది మాత్రం వాటినే.

ఎరుకలవాళ్ల చరిత్ర ఇందుకు ఉదాహరణ. వాళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్లకు తిరిగిన వ్యాపారులు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, రైలు మార్గాలు ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బతుకు పోగొట్టిన పాలకులే వాళ్లను ‘నేరస్త జాతి’ అన్నారని పరిశోధకురాలు మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చూపారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, గుంటూరు జిల్లాలో సీతానగరం, నెల్లూరు జిల్లాలో కావలి సెటిల్‌మెంట్లు అలా పుట్టినవే. స్టువర్టుపురం అన్న పేరు కూడా ఒక బ్రిటిష్ అధికారిదే. ఊళ్లో ఎంతమంది చదువుకుని ఉద్యోగాల్లోకి వెళ్లినా, సినిమాకు ఆ ఊరు దొంగల చిరునామాయే. 1991లో రెండు సినిమాల పేర్లలోకి ఆ ఊరు ఎక్కింది. 2023లో వచ్చిన మరో సినిమాలో తమ ఊరిని చూపిన తీరుపై అభ్యంతరం హైకోర్టు దాకా వెళ్లింది.

చట్టం దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ మర్నాటికి జాతులు ‘విముక్త’ జాతులయ్యాయి గానీ రిజిస్టర్లు విముక్తం కాలేదు. ‘అలవాటుపడ్డ నేరస్తుల’ చట్టాలు రాష్ట్రాల్లో ఆ స్థానంలోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌కు 1962లో వచ్చింది. వీటిని రద్దు చేయాలని ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ 2007లోనే భారత ప్రభుత్వానికి సిఫారసు చేసింది. మనం తిట్టుగా, ఒక్కోసారి ముద్దుగా కూడా వాడే ‘కేడీ’ అన్న మాట ఆ రిజిస్టర్లలోంచి వచ్చిందే. ‘నోన్ డిప్రెడేటర్’ అని పోలీసులు రాసుకున్న పొట్టి అక్షరాలు తెలుగులో మామూలు పదమైపోయాయి. వార్తల్లో కనిపించే ‘పాత నేరస్తులు’ అన్న మాటకు వెనక ఉన్నది ఈ రిజిస్టరే.

‘తమదైన శైలి’ ఖరీదు

ఆనవాలు దారి చూపనప్పుడు ఈ రిజిస్టరు, కులం, పేదరికం దారి చూపిస్తాయి. ఆ దారి ఎక్కడికి వెళ్తుందో ఇటీవలి మూడు ఘటనలు చెబుతాయి. ఇవి కారు దొంగతనాలు కావు. కానీ అనుమానం నడిచిన తీరు అదే.

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌కు ఒక దళిత మహిళను దొంగతనం అనుమానంతో తీసుకొచ్చారు. ఆమె వంటమనిషిగా పనిచేసే ఇంట్లో డబ్బు పోయింది. ఆమె పోలీసుల అదుపులోనే చనిపోయింది. తర్వాత ఒక ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్లనూ ఉద్యోగాల నుంచి తొలగించారు. 2023లో మెదక్‌లో గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరా దృశ్యంలోని మనిషి పోలికలు ఉన్నాయన్న అనుమానంతో ఒక ముస్లిం కూలీని పట్టుకెళ్లారు. వదిలిపెట్టాక ఆయన ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో మరణించాడు. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. 2024లో షాద్‌నగర్‌లో బంగారం పోయిందన్న ఫిర్యాదు మీద ఒక దళిత మహిళను స్టేషన్‌లో చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలు వచ్చాయి. డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌నూ, మరికొందరు సిబ్బందినీ సస్పెండ్ చేశారు.

మూడింటిలోనూ అనుమానం పడిన మనిషికీ నేరానికీ మధ్య ఉన్న లంకె చూడండి. ఆ ఇంట్లో పనిచేయడం, కెమెరాలో పోలిక, ఫిర్యాదుదారు మాట. ఇవి విచారణ మొదలుపెట్టడానికి చాలొచ్చు. మనిషి మీద చెయ్యి వేయడానికి ఏ సాక్ష్యమూ చాలదు.

కామన్ కాజ్, లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ సంస్థలు కలిసి చేసిన 2018 నాటి పోలీసింగ్ సర్వేలో, చిన్న దొంగతనాల్లాంటి కేసుల్లో దళితులను అబద్ధంగా ఇరికిస్తారని దాదాపు 38 శాతం మంది ప్రజలు అభిప్రాయపడ్డారు. అదే సంస్థలు 2019లో పోలీసు సిబ్బందినే అడిగితే, ముస్లింలకు సహజంగానే నేరాల వైపు మొగ్గు ఉంటుందని సుమారు సగం మంది చెప్పారు. దర్యాప్తు చేసే బుర్రలోనే ఇంత నిర్ధారణ ఉంటే, కారులో దొరికిన గుండుకు పెద్ద పనేం ఉంటుంది?

కెమెరా వచ్చినంత మాత్రాన కులం పోదు

లాఠీ బదులు టెక్నాలజీ వస్తే ఈ పక్షపాతం తగ్గుతుందని కొందరి నమ్మకం. అది నమ్మదగ్గ మాట కాదు. తెలంగాణ పోలీసులు 2018 నుంచి ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. 2021లో రోడ్డు మీద ఆపి మాస్కు తీయించి తన ఫొటో తీశారని హైదరాబాద్‌కు చెందిన ఒక సామాజిక కార్యకర్త హైకోర్టుకు వెళ్లారు. ఏ ముఖాన్ని ఏ ఫొటోలతో పోల్చుతున్నారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. కార్డన్ సెర్చ్ పేరుతో తెల్లవార్లూ తనిఖీలు చేసేది బస్తీల్లోనే, గేటెడ్ కమ్యూనిటీల్లో కాదు. పోల్చే పెట్టెలో ఎవరి ఫొటోలు ఎక్కువుంటే పోలిక వాళ్లకే దొరుకుతుంది.

అమెరికాలో ఇది రుజువైంది. డెట్రాయిట్‌లో దుకాణంలో గడియారాలు పోయిన కేసులో సాఫ్ట్‌వేర్ చూపిన తప్పుడు పోలిక ఆధారంగా 2020 జనవరిలో ఒక నల్లజాతి వ్యక్తిని భార్యాబిడ్డల ముందు అరెస్టు చేశారు. కోర్టు వ్యవహారం 2024లో రాజీతో ముగిసింది. ముఖం పోలిక ఒక్కదాని మీదే అరెస్టు చేయబోమని అక్కడి పోలీసులు ఒప్పుకోవాల్సి వచ్చింది. మన దగ్గర అలాంటి కట్టుబాటు ఏదీ రాలేదు. పైగా 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం వేలిముద్రలతో పాటు కనుపాప గుర్తులు, ఇతర శారీరక నమూనాలు తీసుకుని 75 ఏళ్లు దాచే వీలు కల్పించింది. 1911లో జాతుల మీద పెట్టిన పుస్తకం ఇప్పుడు సర్వర్‌లోకి మారుతోందన్న భయం ఊరికే పుట్టింది కాదు.

చట్టంలో మనకు దొరికే పట్టు

ఇంత చెప్పాక చేతులెత్తేయాలా? అక్కర్లేదు. గట్టిగా అడగదగ్గ అంశాలు ఉన్నాయి.

ఒకటి, ఒప్పుకోలు. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. ‘నేరం ఒప్పుకున్నారు’ అని ప్రెస్‌మీట్‌లో చెప్పిన మాటకు కోర్టులో విలువ లేదు. దాని ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే అంతమేరకే విలువ. భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ ఇదే చెబుతుంది. అందుకే ‘రికవరీ’ ఎలా చేశారన్నది కీలకం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం మొత్తాన్ని వీడియో తీయాలి. ఆ వీడియో అడగడం నిందితుడి తరఫు న్యాయవాది మొదటి పని కావాలి.

రెండు, ఫోరెన్సిక్ పరిశీలన. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలని అదే చట్టం 176(3) చెబుతోంది. అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. క్లూస్ టీమ్ వచ్చిందా అన్నది సగం ప్రశ్నే. దొరికిన ముద్రలు ఎవరెవరితో పోల్చారు, ఎవరివి సరిపోలలేదు అన్నది మిగతా సగం. మనిషిని వదిలేయడానికి పనికొచ్చే ఆనవాళ్లు కూడా ఆనవాళ్లే.

మూడు, పిలిచే పద్ధతి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో సాధారణంగా నేరుగా అరెస్టు కాకుండా బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద నోటీసు ఇవ్వాలి. సాక్షిగా ప్రశ్నించాలంటే మహిళను ఆమె ఇంటి దగ్గరే ప్రశ్నించాలి, స్టేషన్‌కు రమ్మనకూడదు. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ‘ఊరికే అడిగి పంపిస్తాం’ అన్న మాటకు రాతలో ఆధారం అడగాలి. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని, దృశ్యాలను దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. కెమెరాలు పనిచేయని విషయంపై 2025 సెప్టెంబరులో మళ్లీ తనంతట తానే కేసు చేపట్టింది. ఎవరినైనా తీసుకెళ్లారని తెలిసిన రోజే ఆ దృశ్యాలు భద్రపరచమని రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టడం మంచిది.

నాలుగు, రిజిస్టరు. 2024 మేలో అమానతుల్లా ఖాన్ కేసులో, వెనుకబడిన వర్గాల, ఎస్సీ, ఎస్టీల అమాయకుల పేర్లు హిస్టరీ షీట్లలో యాంత్రికంగా చేరడంపై సుప్రీంకోర్టు ఆందోళన వ్యక్తం చేసింది. జర్నలిస్టు సుకన్య శాంత పిటిషన్‌పై 2024 అక్టోబరు 3న ఇచ్చిన తీర్పులో జైళ్లలో కుల వివక్షను కొట్టేస్తూ, విముక్త జాతుల వాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులను ఆదేశించింది. ఈ తీర్పులు వచ్చాక తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని సస్పెక్ట్ షీట్లు తిరగదోడారు, ఎన్ని తొలగించారు అని సమాచార హక్కు దరఖాస్తులు ప్రతి జిల్లాలో పడాలి.

ఐదు, ఫిర్యాదుదారు బాధ్యత. ఎస్సీ, ఎస్టీ మనిషి మీద అబద్ధపు కేసు పెట్టడం, అధికారికి అబద్ధపు సమాచారం ఇచ్చి హాని కలిగించడం అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(పి), 3(1)(క్యూ) కింద నేరాలు. ‘మా డ్రైవరు మీదే అనుమానం’ అని తేలిగ్గా అనేముందు ఆ మాటకు ఆధారం ఉందో లేదో యజమానులు చూసుకోవాలి.

కారు అద్దం పగిలినవాడి నష్టం నిజమైనదే. పోయిన డబ్బు దొరకాలని, దొంగ పట్టుబడాలని మేమూ కోరుకుంటున్నాం. అసలు దొంగ దొరకాలంటే గుండును గుండుగా, ముద్రను ముద్రగా చదవాలి. అమాయకుణ్ణి కొట్టి కేసు మూసేసిన ప్రతిసారీ అద్దం పగలగొట్టినవాడు బయటే ఉంటాడు. పత్రికల వాళ్లకూ ఒక మాట. ‘తమదైన శైలిలో’ అని రాసేముందు ఆ శైలి ఏమిటో ఆ ఎస్సైని అడిగి, చెప్పిన జవాబును కూడా అచ్చువేయండి.